నాటింగ్‌హామ్‌లో ఇద్దరు షెరిఫ్‌లు ఎందుకున్నారు?

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో చదువుకుంటోంది. ఒక సభలో నల్ల వెల్వెట్ కోటు వేసుకుని, నడుముకి కత్తి కట్టుకున్న ఒకాయన్ని "నాటింగ్‌హామ్‌షైర్ హై షెరిఫ్" అని పరిచయం చేశారు. అదే వేదిక మీద మెడలో గొలుసు వేసుకున్న ఒకావిడని "నాటింగ్‌హామ్ షెరిఫ్" అన్నారు. ఒకే ఊరికి ఇద్దరేమిటి, రాబిన్ హుడ్ అనే దొంగ కథలో దుర్మార్గపు షెరిఫ్ వీళ్లలో ఎవరి పూర్వీకుడు, అసలు వీళ్లు చేసే పనేంటి అని అడిగారు. తన స్నేహితురాలి అద్దె ఇంటికి అప్పు వసూలుకి వచ్చినవాళ్లు "మేం షెరిఫ్ మనుషులం" అన్నారట, వాళ్లకీ వీళ్లకీ సంబంధం ఉందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. హై షెరిఫ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి రాజు నియమించే మనిషి. గొలుసు వేసుకున్నావిడ నాటింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ ఏడాదికోసారి ఎన్నుకునే షెరిఫ్. మొదటి పదవికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. రెండోది 1449లో పుట్టింది. రాబిన్ హుడ్ కథలో వాడు నిజంగా ఉండి ఉంటే మొదటి పదవిలోనే ఉండాలి. అప్పుల వాళ్ల సంగతి తర్వాత చెప్తాను. ఈ కౌంటీ పాత రికార్డులతో చాలాకాలంగా పనిచేస్తున్నవాణ్ణి, నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి మిగతాది కాస్త వివరంగానే రాస్తాను.

షెరిఫ్ అనగానే గుర్రం, బంటులు, ఉరికంబం గుర్తొస్తాయి. ఈ పదవి ఎందుకు పుట్టింది, ఎందుకంత బలిసింది, తర్వాత ఎందుకు చిక్కిపోయింది అనేది అర్థం కావాలంటే మాత్రం డబ్బు లెక్కతో మొదలుపెట్టాలి. నాటింగ్‌హామ్‌షైర్ రికార్డులు చదివినకొద్దీ నాకు ఈ నమ్మకం గట్టిపడింది.

1066లో నార్మన్లు రాకముందే ఇంగ్లండ్‌లో ఒక్కో షైర్‌కి, అంటే కౌంటీకి, రాజు తరఫున ఒక మనిషి ఉండేవాడు. రాజుగారి భూముల ఆదాయం వసూలు చేయడం, జరిమానాలు రాబట్టడం, షైర్ కోర్టు నడిపించడం అతని పని. నార్మన్ రాజు విలియం ఆ ఏర్పాటుని తీసేయలేదు, తన మనుషుల్ని అందులో కూర్చోబెట్టాడు. 1068లో నాటింగ్‌హామ్‌లో కోట కట్టించి విలియం పెవరెల్‌కి అప్పగించాడు.

1086లో రాజు భూముల లెక్క తీయించిన డూమ్స్‌డే సర్వేలో నాటింగ్‌హామ్ గురించి రాసిన భాగం చదివితే అప్పటి షెరిఫ్ ఎలాంటివాడో కనిపిస్తుంది. బాల్డ్రిక్ కొడుకు హ్యూ షెరిఫ్‌గా వచ్చినప్పుడు ఊళ్లో 136 మంది ఉన్నారనీ, సర్వే నాటికి పదహారు మంది తగ్గారనీ రాశారు. అదే హ్యూ కొత్త బరోలో (బరో అంటే పట్టణం), ఎర్ల్ అనే ప్రభువు భూమిలో, అంతకుముందు లేని పదమూడు ఇళ్లు కట్టించి, వాటిని పాత బరో పన్ను లెక్కలో కలిపాడని కూడా ఉంది. జనం తగ్గారు, పన్ను కట్టే ఇళ్లు మాత్రం చేర్చారు. ఆ పక్కనే ఇంకో మాట ఉంది: ట్రెంట్ నదిలో పడవలకి అడ్డం పడినా, యార్క్‌కి వెళ్లే రాజమార్గానికి రెండు పెర్చ్‌ల లోపల దున్నినా, కాలవ తవ్వినా ఎనిమిది పౌండ్ల జరిమానా. రెండు పెర్చ్‌లంటే సుమారు పది మీటర్లు. ఆ రోజుల్లో ఎనిమిది పౌండ్లంటే మామూలు రైతు జన్మలో చూడని సొమ్ము.

అసలు విషయం రాజుకీ షెరిఫ్‌కీ మధ్య ఉన్న ఒప్పందంలో ఉంది. మన దగ్గర చెరువు చేపల్ని గుత్తకి ఇచ్చినట్టే, రాజు కౌంటీ ఆదాయాన్ని షెరిఫ్‌కి గుత్తకి ఇచ్చేవాడు. ఏటా ఇంత అని ఖరారు. దానికి తగ్గితే షెరిఫ్ సొంత జేబులోంచి కట్టాలి, మిగిలితే తనే ఉంచుకోవచ్చు. జీతం లేదు. ఇలాంటి ఏర్పాటులో వసూలు చేసేవాడు ఎలా ప్రవర్తిస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కీ సెప్టెంబరు చివర వచ్చే మైకేల్‌మస్‌కీ, షెరిఫ్ రాజు ఖజానా ముందు హాజరు కావాలి. ఈస్టర్‌కి కొంత సొమ్ము జమ చేయాలి, మైకేల్‌మస్‌కి ఏడాది లెక్కంతా తేల్చాలి. ఆ గదిలో పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బల్ల ఉండేది. లెక్క బిళ్లలు జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు. బల్ల మీద గళ్లు గీసిన నల్లబట్ట. కుడి చివర గడి పెన్నీలకి, దాని పక్కది షిల్లింగులకి, ఆపైన పౌండ్లకి, ఇరవైలకి, వందలకి, వేలకి. షెరిఫ్ కట్టాల్సింది ఒక వరసలో బిళ్లలుగా పేరుస్తారు, కట్టింది దాని కింది వరసలో పేరుస్తారు. చదువు రాని షెరిఫ్‌కి కూడా తనెంత బాకీ ఉన్నాడో కళ్లెదుటే కనిపిస్తుంది. బల్లకి అటువైపు రాజ్యంలోని పెద్దలంతా కూర్చుని ఉంటారు. ఊళ్లో అందరినీ హడలగొట్టే మనిషికి ఇక్కడ ఎంత టెన్షన్ ఉండేదో అనిపిస్తుంది నాకు ఆ వర్ణన చదివినప్పుడల్లా.

తెచ్చిన నాణేల్ని ఊరికే నమ్మేవాళ్లు కూడా కాదు. సంచుల్లోంచి ఒక పౌండు లెక్కన, అంటే 240 పెన్నీలు తీసి షెరిఫ్ ఎదుటే కరిగించేవాళ్లు. కరిగాక వెండి ఎంత తగ్గితే ఆ లెక్కన మొత్తం సొమ్ము మీద తరుగు షెరిఫ్ భరించాలి. రసీదుగా చెక్క పుల్ల ఇచ్చేవాళ్లు. దాని మీద వెయ్యి పౌండ్లకి అరచేయి మందాన గాటు, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌండుకి బాగా పండిన బార్లీ గింజంత. గాట్లు పెట్టాక పుల్లని నిలువునా చీల్చి ఒక సగం షెరిఫ్‌కి, ఒక సగం ఖజానాకి. తర్వాత రెండు సగాలూ కలిపి చూస్తే గాట్లు అతకాలి. మోసానికి దాదాపు చోటు లేని పద్ధతి, నాకెంతో ముచ్చటేస్తుంది. ఈ లెక్కలన్నీ గొర్రెతోలు చుట్టల మీద రాసి పెట్టారు. పైప్ రోల్స్ అంటారు వాటిని. ఇప్పటికి మిగిలినవాటిలో మొదటిది 1130 నాటిది. నాటింగ్‌హామ్‌షైర్, పక్కనున్న డార్బీషైర్ అందులో ఒకే ఖాతా, ఎందుకంటే రెండు కౌంటీలకీ ఒకడే షెరిఫ్.

రాజులకి ఈ గుత్త ఆదాయం చాల్లేదు. పాత ఖరారు మీద అదనంగా ఇంత అని పెంచుతూ పోయారు. షెరిఫ్ ఆ పెంపుని జనం నెత్తిన రుద్దాడు. 1170లో రెండో హెన్రీ నాలుగేళ్ల తర్వాత ఫ్రాన్స్ వైపు నుంచి తిరిగొచ్చి షెరిఫ్‌ల మీద దేశవ్యాప్తంగా విచారణ పెట్టించాడు. చాలామంది ఊడిపోయారు. అయినా పద్ధతి మారలేదు, మనుషులే మారారు.

మొదటి రిచర్డ్ 1189లో రాజు కాగానే నాటింగ్‌హామ్‌షైర్, డార్బీషైర్‌తో పాటు మరికొన్ని కౌంటీల్ని తమ్ముడు జాన్‌కి ఇచ్చేశాడు. అక్కడి ఆదాయం రాజు ఖజానాకి రానక్కర్లేదు, షెరిఫ్ జాన్ మనిషి. దాంతో ఆ కొన్నేళ్లూ ఈ కౌంటీ పైప్ రోల్స్‌లో మాయమైపోతుంది. సినిమాల్లో రాబిన్ హుడ్ కథ జరిగేది సరిగ్గా ఆ ఏళ్లలోనే, రిచర్డ్ క్రూసేడ్ అనే మతయుద్ధంలో ఉన్నప్పుడు. అంటే ఏ కాలం షెరిఫ్ గురించి అందరూ తెలుసుకోవాలనుకుంటారో, ఆ కాలానికే మన దగ్గర ఖజానా లెక్క లేదు.

1194 మార్చిలో రిచర్డ్ చెరనుంచి విడుదలై వచ్చి, జాన్ మనుషులు పట్టుకుని కూర్చున్న నాటింగ్‌హామ్ కోటని ముట్టడించి కొన్ని రోజుల్లోనే లొంగదీసుకున్నాడు. వెంటనే అక్కడే సభ పెట్టి ఏం చేశాడో తెలుసా? షెరిఫ్ పదవుల్ని అమ్మకానికి పెట్టాడు. యార్క్‌షైర్ పదవికి యార్క్ ఆర్చ్‌బిషప్ జెఫ్రీ 3,000 మార్కులు పాడాడు. మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. మంచి రాజుగా పేరున్న రిచర్డ్ చేసిన పని ఇది. అంత పెట్టి కొన్నవాడు ఆ సొమ్ము ఎక్కడినుంచి రాబట్టుకుంటాడు? అందుకే ఒక దుర్మార్గపు షెరిఫ్ మీద మొత్తం తప్పు తోసేసే కథలు నాకు అంత న్యాయంగా తోచవు.

అయినా అసలైన "నాటింగ్‌హామ్ షెరిఫ్" కావాలంటే నేను చూపించేది ఫిలిప్ మార్క్‌ని. ఫ్రాన్స్‌లోని తురేన్ ప్రాంతంవాడు, రిచర్డ్ తర్వాత రాజైన జాన్ కిరాయి బలగం మనిషి. 1208, 1209 ప్రాంతంలో నాటింగ్‌హామ్‌షైర్, డార్బీషైర్‌లకి షెరిఫ్ అయ్యాడు. అతన్ని జనం ఎంత అసహ్యించుకున్నారంటే 1215లో జాన్ చేత ఒప్పించిన మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో పేరు పెట్టి మరీ రాశారు. యాభయ్యో నిబంధన చదవండి: ఫిలిప్ మార్క్, అతని అన్నదమ్ములు, మేనల్లుడో అన్న కొడుకో అయిన జెఫ్రీ, ఇంకా కొందరు, ఇకమీదట ఇంగ్లండ్‌లో ఏ అధికారంలోనూ ఉండకూడదు అని. ప్రపంచమంతా గౌరవించే ఆ పత్రంలో ఒక జిల్లా అధికారి బదిలీ డిమాండ్ ఉందన్నమాట. అదే పత్రంలో కౌంటీల గుత్త పాత ఖరారుకే ఉండాలి, పెంచకూడదనీ, యజమాని ఒప్పుకోకుండా షెరిఫ్ గుర్రాల్నీ బళ్లనీ తీసుకోకూడదనీ, రాజుకి సంబంధించిన నేరాల విచారణ షెరిఫ్ చేయకూడదనీ ఉంది. ఒక్కొక్క నిబంధన వెనకా ఎంతమంది కడుపుమంట ఉందో.

మరి ఫిలిప్ మార్క్‌ని తీసేశారా అంటే, లేదు. 1216 అక్టోబరులో జాన్ చనిపోయే ముందు లింకన్‌షైర్ షెరిఫ్ పదవి కూడా అతనికి ఇచ్చాడు, లింకన్ కోటని కాపాడుతున్న నికోలా డి లా హే అనే ఆవిడతో ఉమ్మడిగా. ఆ కాలంలో ఒక ఆడమనిషి షెరిఫ్ కావడం అరుదైన సంగతి, ఆవిడ కథ విడిగా చెప్పుకోవాల్సినంత గొప్పది. నాటింగ్‌హామ్‌లో మాత్రం మార్క్ 1224 దాకా కదల్లేదు.

అంతమాత్రాన ఇతనే రాబిన్ హుడ్ శత్రువు అని తేల్చేయకండి. ఇప్పటికి దొరుకుతున్న పాత పాటల్లో షెరిఫ్‌కి పేరే లేదు. వాటిలో రాజు పేరు ఎడ్వర్డ్, రిచర్డ్ కాదు. రిచర్డ్ కాలానికి కథని ముడిపెట్టింది పదహారో శతాబ్దం వాళ్లు. ఏ కౌంటీలో ఏ వందేళ్లలో చూసినా సరిపోయే మనిషి కాబట్టే జనం అతన్ని ఉత్త "షెరిఫ్" అని పిలిచి ఊరుకున్నారని నా అభిప్రాయం.

ఇక్కడినుంచి కథంతా కత్తిరింపులే, త్వరగా చెప్పేస్తాను. 1194లోనే కరోనర్ అనే కొత్త అధికారిని పెట్టి అనుమానాస్పద మరణాలు, రాజుకి రావాల్సిన జప్తుల లెక్క షెరిఫ్ చేతిలోంచి తప్పించారు. 1340 చట్టంతో ఏడాదికి మించి ఒకడే ఉండకూడదన్నారు, అంటే ఫిలిప్ మార్క్‌లా పాతుకుపోయే వీలు పోయింది. 1361 నుంచి జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక పెద్దలు బలపడ్డారు. 1461లో షెరిఫ్ కోర్టుకొచ్చే నేరాల విచారణ కూడా వాళ్లకే పోయింది. పదహారో శతాబ్దంలో కౌంటీ సైన్యం లార్డ్ లెఫ్టినెంట్ అనే కొత్త అధికారి కిందకి వెళ్లింది. 1566 చట్టంతో నాటింగ్‌హామ్‌షైర్‌కీ డార్బీషైర్‌కీ ఎవరి షెరిఫ్ వాళ్లకయ్యాడు.

మీ అమ్మాయి చూసిన రెండో షెరిఫ్ ఈ కత్తిరింపుల్లో ఒకదాని ఫలితం. 1449లో రాజు ఆరో హెన్రీ ఇచ్చిన చార్టర్‌తో, అంటే హక్కుల పత్రంతో, నాటింగ్‌హామ్ ఊరు తనంతట తానే ఒక కౌంటీ అయింది. అంతవరకూ ఉన్న ఇద్దరు బెయిలిఫ్‌ల (ఊరి అధికారుల) బదులు ఇద్దరు షెరిఫ్‌ల్ని ఊరివాళ్లే ఎన్నుకోవచ్చు. కౌంటీ షెరిఫ్ ఇక ఊళ్లో వేలు పెట్టడానికి లేదు. బాగా సంపాదించుకున్న వర్తకులు తమ వసూళ్లు తామే చూసుకుంటామని కొనుక్కున్న స్వేచ్ఛ ఇది. 1835లో మున్సిపల్ సంస్కరణలతో ఆ ఇద్దరూ ఒక్కరయ్యారు, ఆ ఒక్కరే నేటి సిటీ షెరిఫ్. చార్టర్‌లో ఇంకో మెలిక ఉంది. కోట, కౌంటీ కోర్టు జరిగే రాజుగారి హాలు ఊరి మధ్యలో ఉన్నా ఊరికి చెందవు, కౌంటీకే చెందుతాయి. హై పేవ్‌మెంట్ వీధిలో షైర్ హాల్ అనే భవనం ఆ స్థలంలోనే ఉంది. ఆ గుమ్మం దాటితే ఇంకో కౌంటీలో అడుగుపెట్టినట్టు లెక్క.

అధికారం పోయినా బరువు పోలేదు, అదే ఈ పదవి విషాదం. అప్పట్లో పార్లమెంటు ఎన్నికలు నడిపేది షెరిఫ్, పైగా పదవిలో ఉన్న ఏడాది సొంత కౌంటీ వదిలి వెళ్లకూడదు. దీన్ని మొదటి చార్లెస్ భలే వాడుకున్నాడు. 1626 పార్లమెంటులో తనని ఎదిరించేవాళ్లని రానివ్వకుండా ముందుగానే షెరిఫ్‌లుగా నియమించేశాడు. పేరుమోసిన న్యాయనిపుణుడు ఎడ్వర్డ్ కోక్ అలాగే బకింగ్‌హామ్‌షైర్ షెరిఫ్ అయ్యాడు. 1635లో సముద్రం కనపడని కౌంటీల మీద కూడా ఓడల పన్ను వేసినప్పుడు, వసూలు బాధ్యత మళ్లీ షెరిఫ్ మెడకే చుట్టారు. ఇరుగుపొరుగు పెద్దమనుషుల దగ్గర బలవంతంగా పన్ను వసూలు చేయాల్సిన స్థితి.

1642 వేసవిలో నాటింగ్‌హామ్‌లో జరిగింది చూడండి. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం ముంచుకొస్తోంది. కౌంటీ రక్షణకని దాచిన తుపాకీ మందుని రాజు కోసం పట్టుకుపోవడానికి లార్డ్ లెఫ్టినెంట్ న్యూఆర్క్ ప్రభువు ఊళ్లోకి వచ్చాడు, పక్కన హై షెరిఫ్ సర్ జాన్ డిగ్బీ. ఆ ప్రాంతం యువకుడు జాన్ హచిన్సన్ వాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లి, ఇది కౌంటీ సొమ్ము, దీన్ని తీసుకెళ్తే జనం నిస్సహాయులవుతారని వాదించాడు. బయట జనం పోగయ్యారు. చివరికి ప్రభువు మందు వదిలేసి వెళ్లాల్సి వచ్చింది. హచిన్సన్ భార్య లూసీ రాసిన జ్ఞాపకాల వల్ల ఇదంతా మనకి తెలుసు. ఆగస్టు 22న చార్లెస్ అదే ఊళ్లో యుద్ధ ధ్వజం ఎత్తాడు. షెరిఫ్ రాజు మనిషా, కౌంటీ మనిషా అనే ప్రశ్న అంత సూటిగా ఇంకెప్పుడూ రాలేదనుకుంటాను.

ఆ తర్వాత రెండొందల ఏళ్లలో షెరిఫ్‌కి మిగిలినవి జడ్జీలకి ఆతిథ్యం, జైలు, ఉరిశిక్షల అమలు. జడ్జీ ఊళ్లోకి వస్తుంటే బాకాలు ఊదేవాళ్లూ బల్లేలు పట్టేవాళ్లూ ఎదురెళ్లాలి, ఖర్చంతా షెరిఫ్‌దే. చాలామంది ఈ గౌరవం వద్దు మొర్రో అని తప్పించుకు తిరిగేవాళ్లు.

ఉరిశిక్షలు షైర్ హాల్ ముందు మెట్ల మీద, బహిరంగంగా జరిగేవి. 1844 ఆగస్టులో ఒక ఉరి చూడ్డానికి హై పేవ్‌మెంట్ ఇరుకు వీధి నిండా వేలమంది చేరారు. అయిపోయాక ఒక్కసారిగా తిరుగుముఖం పట్టిన జనం పక్కనున్న గార్నర్స్ హిల్ అనే నిటారు సందు మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. పన్నెండు మందికి పైగా చనిపోయారు, గాయపడినవాళ్లు వందకి పైనే. ఇంత జరిగినా అక్కడ బహిరంగ ఉరి 1864 దాకా ఆగలేదు. ఆ భవనం ఇప్పుడు నేషనల్ జస్టిస్ మ్యూజియం. మీ అమ్మాయిని తప్పకుండా వెళ్లమనండి. మెట్ల దగ్గర నిలబడి ఆ వీధి వెడల్పు కళ్లారా చూస్తే ఈ సంగతి ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

మిగిలినవి కూడా ఒక్కొక్కటే పోయాయి. 1840లో కౌంటీ పోలీసు దళం వచ్చింది. 1877 చట్టంతో జైళ్లు కేంద్ర ప్రభుత్వానికి వెళ్లాయి. 1960లలో ఉరిశిక్ష రద్దయ్యేదాకా దాని అమలు బాధ్యత మాత్రం షెరిఫ్‌దే. 1974 ఏప్రిల్ నుంచి అధికారిక పేరు "హై షెరిఫ్" అయింది. 2004 ఏప్రిల్ దాకా హైకోర్టు తీర్పు ప్రకారం అప్పులు రాబట్టే బాధ్యత కూడా చట్టరీత్యా షెరిఫ్‌దే, ఆయన కింద మనుషులు ఆ పని చేసేవాళ్లు. ఆ తేదీనుంచి హైకోర్టు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్లు అనే వేరే వ్యవస్థ వచ్చింది. జనం ఇంకా అలవాటుగా వాళ్లని షెరిఫ్‌లు అంటారు. కాబట్టి ఆ స్నేహితురాలికి చెప్పండి: వచ్చినవాళ్లకి వెల్వెట్ కోటు ఆయనతో ఏ సంబంధమూ లేదు. గుర్తింపు కార్డు, కోర్టు రిట్ (ఆజ్ఞాపత్రం) చూపించమని అడగాలి, అందులో పేరు ఎవరిదో చూసుకోవాలి. పాత అద్దెదారు బాకీ కోసం అదే చిరునామాకి రావడం మామూలే. భయంతో డబ్బు కట్టేయకుండా సిటిజన్స్ అడ్వైస్ వాళ్లని ఉచితంగా సలహా అడగమనండి.

ఇప్పటి హై షెరిఫ్ ఏడాది పాటు జీతం లేకుండా, ఖర్చులు కూడా తనే పెట్టుకుని పనిచేస్తారు. జడ్జీలకి స్వాగతం, పోలీసులకీ స్వచ్ఛంద సంస్థలకీ అండ. ఏటా నవంబరు 12న లండన్ రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్‌లో పేర్లు చదువుతారు. మార్చిలో రాజు ఆ తోలు పత్రం మీద పేరు పక్కన వెండి సూదితో పొడిచి నియమిస్తారు. ఒకటో ఎలిజబెత్ రాణి కుట్టుపని చేసుకుంటూ కలం దొరక్క సూదితో పొడిచిందని గైడ్లు చెప్తారు. నమ్మకండి, ఆమె తాత ఏడో హెన్రీ కాలం పత్రాల్లోనే ఆ చిల్లులున్నాయి.

అమెరికా షెరిఫ్‌లు ఓట్లతో గెలిచే పోలీసు అధికారులు, స్కాట్లండ్‌లో షెరిఫ్ అంటే జడ్జి. ఈ పదవి మన దాకా కూడా వచ్చింది. 1726లో మొదటి జార్జ్ ఇచ్చిన చార్టర్‌తో మద్రాసు, బొంబాయి, కలకత్తాలకి ఏడాదికొక షెరిఫ్ ఏర్పడ్డాడు. ఆ అధికారం మద్రాసు నగరానికే. మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరుకో కడపకో షెరిఫ్ ఎప్పుడూ లేడు, అక్కడ కలెక్టరే అన్నీ. 1956లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ మద్రాసుకి మొదటి మహిళా షెరిఫ్ అయ్యారు. 1998లో మద్రాసు పదవిని రద్దు చేశారు. ముంబై, కోల్‌కతాల్లో గౌరవ పదవిగా దాన్ని ఉంచుకున్నారు. నటుడు దిలీప్ కుమార్ 1980లో ముంబై షెరిఫ్‌గా చేశారు.